మైకక్క గుసగుస

మైకక్కకు పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే, తననే అనుకోక పక్కకు తిరిగి చూస్తుంది. మైకక్క అని పిలిస్తేనే పలుకుతుంది. ఆ పేరు పెట్టింది నూలు మిల్లు.

పెళ్ళయిన కొత్తల్లోనే ఆవిడ మిల్లులో చేరింది. ఆ షెడ్డులో వందల కండెలు ఒక్కసారిగా తిరుగుతుంటే, మామూలుగా మాట్లాడేవాళ్ళకు పెదాలు కదిలేవి తప్ప మాట పుట్టేది కాదు. అక్కడ మర్యాదంటే అరవడమే. "అన్నం తిన్నావా?" అని అడగాలన్నా కొట్లాటకు దిగినట్టు అడగాలి. మెల్లగా మాట్లాడేవాళ్ళను పొగరుబోతులనేవారు. ఆ అరుపుల్లోనూ మైకక్కది ఒక మెట్టు పైనే. ఒకసారి షెడ్డు ఈ చివర నిలబడి, ఆ చివరన ఉన్న ఫోర్‌మన్‌కు "అన్నా, నీ ప్యాంటు వెనక కుట్టు ఊడిపోయిందోయ్!" అని చెప్పింది. ఫోర్‌మన్ సరే, బయట గేటు దగ్గరున్న వాచ్‌మన్ కూడా వెనక తడుముకున్నాడు.

ఆవిడ భర్త దర్జీ. ఇంటి ముందు గదిలోనే మిషను పెట్టుకుని కుట్టుకుంటాడు. ఆయన మాటకూ దారం పోగుకూ పెద్ద తేడా ఉండదు. ఈవిడ గొంతుతో ఆయన ఎలా వేగుతున్నాడని జాలిపడేవాళ్ళు కొందరు, ఆవిడ ఒక్కతే మాట్లాడుతుంది గనక గొడవలే ఉండవని ఈర్ష్యపడేవాళ్ళు కొందరు.

అలా సాగిపోతుండగా మిల్లు మూతపడింది. యంత్రాలు లారీలెక్కి వెళ్ళిపోయాయి. మైకక్క గొంతు మాత్రం ఆవిడతోపాటు ఇంటికొచ్చేసింది.

కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే కూర్చుంది. ఆ కొన్నాళ్ళూ వీధి వీధంతా కూర్చోలేకపోయింది. చివరికి బస్టాండు వెనకున్న క్లినిక్కులో మనిషి కావాలన్నారని తెలిసి వెళ్ళింది. కింద పెద్ద హాలు, పైన మూడు గదులు. ఒక గదిలో ఎముకల డాక్టరు, ఒక గదిలో ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ, మూడో దాంట్లో వారానికోసారి వచ్చే చెవి ముక్కు గొంతు డాక్టరు. మోకాళ్ళ నొప్పులవాళ్ళను చూసే డాక్టరును మేడమీద కూర్చోబెట్టిన మహానుభావుడెవడో గాని, వాడి తెలివికి దణ్ణం పెట్టాలి. పైన మీట నొక్కితే కింద ఎర్రబల్బు వెలుగుతుంది. అప్పుడు వంతు ఎవరిదో వాళ్ళను పిలిచి పైకి పంపాలి. అదీ ఉద్యోగం. "నమస్కారమండీ" అని మైకక్క అన్న ఒక్క మాటతో డాక్టరమ్మ బల్లమీది కాగితాలు లేచాయి. "రేపణ్ణించి వచ్చేయండక్కా" అంది డాక్టరమ్మ.

పేర్లతో పిలవడం మొదటిరోజే బెడిసికొట్టింది. ఒక పేరు పిలిస్తే నలుగురు లేచారు. నలుగురూ తమదే వంతని మెట్లమీద తోసుకున్నారు. పేర్లు అందరివీ ఒకలాగే ఏడ్చినా, రోగాలు ఎవరివి వాళ్ళవే కదా అని మైకక్కకు తట్టింది. తట్టిందే తడవుగా ఆచరణలో పెట్టింది.

"మోకాళ్ళ మామ్మగారూ, మీరు రండి!"

"వీపు మీద కురుపు తమ్ముడూ, నీదే! జాగ్రత్త, గోడకు ఆనుకోకు!"

"గుర్రు బాబాయిగారూ! పిన్నిగారినీ తీసుకెళ్ళండి. మీరెంత గట్టిగా పెడతారో మీకేం తెలుసు? పాపం, ఆవిడే చెప్పాలి!"

తోపులాట ఆగిపోయింది. ఎవరి రోగం వాళ్ళు బుద్ధిగా మోసుకుని మెట్లెక్కారు. కాకపోతే హాల్లో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకోవడం మానేసి నేలచూపులు చూడసాగారు. అది తన పద్ధతి తెచ్చిన క్రమశిక్షణ అనుకుంది మైకక్క.

కూతురు ఊళ్ళోనే ఒక అద్దాల మేడలో ఉద్యోగం చేస్తుంది. పొద్దున్నే తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే బస్సెక్కుతారు. ఎక్కాక కూతురు నాలుగు వరసలు ముందుకెళ్ళి, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ ప్రపంచంలో తనకెవరూ లేనట్టు కూర్చుంటుంది. మైకక్క ఊరుకుంటుందా? వెనక నుంచి, "అమ్మాయ్! లోపలి బట్టలు ఆరేశావా, తడివే కట్టుకొచ్చావా?" అంటుంది. బస్సంతా సమాధానం కోసం ఎదురుచూస్తుంది.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది. బయట ఇంటి సంగతులు మాట్లాడకూడదే" అని ఆ సాయంత్రం మొరపెట్టుకుంది కూతురు. "పక్కవాళ్ళ ఫోన్లోకి తొంగి చూడకూడదు. ఎవరైనా ఆవలిస్తే రాత్రి నిద్ర పట్టలేదా అని అడగకూడదు. లిఫ్టులో ఎవరి మొహమూ చూడకూడదు, పైన నంబర్ల వైపే చూడాలి."

"నంబర్లలో ఏముందే చూడ్డానికి?"

"ఏమీ లేదు. అయినా చూడాలి."

"ఇవన్నీ ఎక్కడ రాసున్నాయి?"

"ఎక్కడా రాయరమ్మా. మనమే తెలుసుకోవాలి."

"రాసినవే నాలుగు తరగతులు చదివేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. రాయనివి నేనెక్కడ చదవనూ?" అని నవ్వేసి, మైకక్క కంచం ముందు కూర్చుంది.

క్లినిక్కుకు గొడుగు మాస్టారు రావడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టాడు. తరతరాల పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎండైనా వానైనా చంకలో నల్ల గొడుగు ఉండాల్సిందే. ఎప్పుడొచ్చినా కుర్చీ అంచున, కోడి గుడ్డు మీద కూర్చున్నంత జాగ్రత్తగా కూర్చునేవాడు. ఒకరోజు ఆయన పక్కనే కాబోయే వియ్యంకుడు తటస్థపడ్డాడు. చెయ్యి బెణికి ఎముకల డాక్టరు కోసం వచ్చాడాయన. "ఏం బావగారూ, ఇలా వచ్చారు?" అని అడిగితే, "ఏం లేదు బావగారూ, ఊరికే కాస్త బీపీ చూపించుకుందామని" అన్నాడు మాస్టారు. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ గది బల్బు వెలిగింది.

"మూలశంక మాస్టారూ! రండి!"

మాస్టారు కదల్లేదు. ఆ పిలుపుతో తనకేమీ సంబంధం లేదన్నట్టు కప్పు వైపు చూస్తున్నాడు. పాపం, పెద్దాయనకు వినబడలేదనుకుంది మైకక్క. ఇంకో శ్రుతి పెంచింది.

"మిమ్మల్నే మాస్టారూ, గొడుగాయనా! కూర్చోలేక ఇబ్బంది పడుతున్నారని ఇద్దర్ని ఆపి మిమ్మల్ని పంపుతున్నా!"

మాస్టారు లేచాడు. వియ్యంకుడి వైపు చూడలేదు. హాలు మధ్యలో గొడుగు విప్పి, దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని, మెట్ల వైపు కాకుండా వీధి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

సంగతి తెలిసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "అక్కా, రోగాల పేర్లు అలా పదిమందిలో అరవకూడదు."

"రోగమేమన్నా దొంగతనమా డాక్టరమ్మా, దాచుకోడానికి?"

"దొంగతనం కాదు. అయినా దాచుకుంటారు. దగ్గరకెళ్ళి చెవిలో చెప్పండి."

మైకక్క పెద్దల మాట కాదనే మనిషి కాదు. మర్నాటి నుంచి చెవిలోనే చెప్పింది. అయితే ఆవిడ గుసగుస మామూలు మనుషుల కేకకు ఒక్క మెట్టే కింద. పైగా గుసగుస గనక దానికో రహస్యం రంగు వచ్చి, హాలంతా చెవులు రిక్కించేది. "దురద బాబూ, ఎవరికీ తెలీకుండా మెల్లగా వెళ్ళిపో" అని ఒక కుర్రాడి చెవిలో చెప్పగానే, అతని రెండు పక్కలా కుర్చీలు జరిగిన చప్పుడు మేడ మీదికి వినబడింది.

మాస్టారు మళ్ళీ రాలేదు. ఆయనకు రక్తం పోతోందనీ, ఆపరేషను వాయిదా వేస్తే ప్రమాదమనీ డాక్టరమ్మ అనగా మైకక్క వింది. తన నోటివల్ల ఒక మనిషి వైద్యం మానేశాడా? ఆ సాయంత్రమే ఆయన ఇల్లు కనుక్కుని బయల్దేరింది.

అది ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ ఇరుకు వీధి. మాస్టారు తలుపు ఓరగా తీసి, ఎదురుగా ఉన్నదెవరో చూసి, కంగారుగా, "వెళ్ళిపోండి, దయచేసి వెళ్ళిపోండి" అని గొణిగాడు.

"లోపలికి వద్దులెండి మాస్టారూ, ఇక్కడే చెప్పేస్తా!" అంది మైకక్క. "మీ మూలశంక సంగతి అందరి ముందూ బయటపెట్టడం నాదే తప్పండీ! క్షమించండి! ఇకమీదట మీ మూలశంక గురించి ఈ ప్రపంచంలో ఒక్కడికి కూడా తెలియనివ్వను!"

కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. పాలవాడు సైకిలు దిగాడు. పై అంతస్తులో బట్టలు తీస్తున్న ఒకావిడ తీయడం మానేసి రెయిలింగు మీదికి వంగింది.

"నీ నోరు పడిపోనూ" అన్నాడు మాస్టారు పళ్ళ బిగువున.

"నాకేమండీ, నేను బాగానే ఉన్నా! మీ ఒళ్ళు జాగ్రత్త!"

మాస్టారు తిట్టబోయినవాడల్లా ఆగాడు. ఎన్నో తరగతుల్లో, వెనక బెంచీల్లో కూర్చుని పెదాలకేసి చూస్తూ తలాడించే పిల్లల్ని చూసిన కళ్ళవి. వెనక్కి తిరిగి, గోడ వైపు మొహం పెట్టి, మామూలు గొంతుతో అన్నాడు: "అయ్యో, మీ సంచికి నిప్పంటుకుంది."

పాలవాడు ఎగిరి గంతేశాడు. ఎదురింటాయన బకెట్టు కోసం లోపలికి పరిగెత్తాడు. మైకక్క మాత్రం చిరునవ్వుతో ఆయన వీపు వైపే చూస్తూ నిలబడింది.

మాస్టారు ఇటు తిరిగి, వీధి చివరిదాకా వినబడేలా, ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు: "అమ్మా! మీకు చెవుడు!"

"నాకా? చెవుడా? భలేవారే!"

"మీకే! సగానికి పైగా పోయింది! లోకం మెల్లగా మాట్లాడుతోందనుకుంటున్నారు మీరు. లోకం మామూలుగానే మాట్లాడుతోంది!"

రెయిలింగు మీది ఆవిడ కిసుక్కున నవ్వింది. నవ్వు వినబడలేదు గాని, పళ్ళు కనిపించాయి. మైకక్కకు నడివీధిలో ఎవరో ఒంటి మీది బట్ట లాగేసినట్టనిపించింది. ఏదో అనబోయి, మొదటిసారిగా తన గొంతు ఎంత ఉంటుందో తెలియక, నోరు మూసుకుంది. తల వంచుకుని గబగబా నడిచి వీధి మలుపు తిరిగింది.

రోగం దొంగతనమా అని ఊరందరికీ నీతులు చెప్పిన మనిషి ఇంట్లో ఈ సంగతి ఎత్తలేదు. మొగుడికీ చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. దొంగసొత్తు దాచినట్టు దాచుకుంది. మాట్లాడితే బయటపడుతుందని మాట్లాడటమే తగ్గించింది. ఎదుటివాళ్ళ పెదాలను పరీక్షపత్రం చదివినట్టు చదివేది. చీకట్లో చదవలేక, "టీ పెట్టనా?" అని మొగుడంటే, "అవును, రేపు కూడా వాన వచ్చేట్టే ఉంది" అనేది.

క్లినిక్కులో వేలు చూపించి, తలాడించి మనుషుల్ని పైకి పంపించేది. డాక్టరమ్మ మురిసిపోయింది. బస్సులో కూతురు మెల్లమెల్లగా వెనక వరసల్లోకి వచ్చి, చివరికి పక్కనే కూర్చుంది. "అమ్మా, ఈ మధ్య ఎంత మర్యాదగా ఉంటున్నావో!" అని భుజం మీద తల వాల్చింది. ఏమందో సరిగ్గా వినబడక మైకక్క నంబర్ల వైపు చూసినట్టు కిటికీ పైకి చూసింది. మనిషి భయంతో నోరు మూసుకుంటే జనం దాన్నే మర్యాద అంటారు. ఆ మర్యాదతో ఆవిడకు ఒక్కరోజు కూడా కడుపునిండా అన్నం దిగలేదు.

ఇక్కడ ఇలా ఉంటే, మాస్టారి వీధిలో వేరే సందడి మొదలైంది. మైకక్క వచ్చి వెళ్ళిన మర్నాడు ఎదురింటాయన తలుపు తట్టి, అటూ ఇటూ చూసి, "మాస్టారూ, ఆ డాక్టరమ్మ హస్తవాసి మంచిదేనా? నాక్కాదు, మా బావమరిదికి" అన్నాడు. తరవాత పాలవాడొచ్చాడు, వాళ్ళ బావమరిదికట. ఆ మర్నాడు మూడో ఇంటాయనొచ్చాడు. ఆయనా బావమరిది కోసమే. ఊళ్ళో బావమరుదులందరికీ ఒకటే రోగం! ఆఖరికి చెయ్యి బెణికిన వియ్యంకుడే స్వయంగా వచ్చి, తలుపు గడియ వేసి, "బావగారూ, మనలో మన మాట" అన్నాడు. ఆయన పాపం బావమరిదిని కూడా అడ్డం పెట్టుకోలేదు. మాస్టారు చాలా రోజుల తరవాత మనసారా నవ్వాడు. నవ్వితే నొప్పెట్టింది. ఆ వారమే వెళ్ళి ఆపరేషను చేయించుకున్నాడు.

కోలుకున్నాక ఒకనాడు మళ్ళీ చూపించుకోడానికి వచ్చి, హాల్లో కుర్చీ నిండా దర్జాగా కూర్చున్నాడు. వేళ్ళతో సైగలు చేస్తున్న మైకక్కను కాసేపు గమనించి, ఆవిడ మొహానికి ఎదురుగా వచ్చి అడిగాడు.

"చూపించుకున్నారా అమ్మా?"

"నాకేమీ లేదండీ."

"నేనూ మా వియ్యంకుడితో అదే అన్నాను. బీపీ అని కూడా అన్నాను."

మైకక్క కళ్ళు దించుకుంది. "నలుగురికీ తెలిస్తే నవ్వుతారు మాస్టారూ."

"నవ్వుతారు. నన్ను చూసి నవ్వలేదూ? నవ్వి, వాళ్ళే వచ్చి అడ్రసు అడిగారు."

ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడనుకుంది గాని, వెళ్ళింది మూడో గదికి. ఆ రోజు చెవి ముక్కు గొంతు డాక్టరు వచ్చే రోజు. కాసేపటికి ఆ గది బల్బు వెలిగింది. ఎవరిని పంపాలా అని మైకక్క హాలంతా చూసింది. చెవివాళ్ళెవరూ లేరు. మేడ మెట్ల మీద నిలబడి, ఎదిగొచ్చిన మగపిల్లల తరగతిని ఒక్క కేకతో కూర్చోబెట్టిన గొంతుతో, మాస్టారు పిలిచాడు.

"చెవుడు అక్కయ్యగారూ! రండి! మీదే వంతు!"

హాలు గొల్లుమంది. దురద కుర్రాడు ఈల కూడా వేశాడు. మైకక్క మొహం ఎర్రబడింది, తరవాత నల్లబడింది, చివరికి దానికి ఏ రంగూ దొరకలేదు. "అంత గట్టిగా అరవాలా మాస్టారూ? నాకేమన్నా చెవు..." అని, సగంలో ఆగి, పక్కున నవ్వేసింది.

మిల్లు చప్పుడు చేసిన పని అది అన్నాడు డాక్టరు. కొన్నాళ్ళకు చెవి వెనక పెట్టుకునే చిన్న మిషను ఒకటి ఇచ్చాడు. అది పెట్టుకుని మెట్లు దిగుతుంటే టపటపమని ఎవరో వెంటబడ్డారు. ఆగితే వాళ్ళూ ఆగారు. చూస్తే అవి తన చెప్పులే. "అమ్మో, చెప్పులింత చప్పుడు చేస్తాయా!" అంది. అని, ఆ అరిచిందెవరా అని ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

అప్పుడు తెలిసింది ఆవిడకు లోకం సంగతి. హాల్లో ఒద్దికగా కూర్చుని చిరునవ్వు చిందించే ఇద్దరాడవాళ్ళు, ఆ చిరునవ్వు చెరగకుండానే మూడో ఆవిడ చీరను, మొగుడిని, ముక్కును ఉతికి ఆరేస్తున్నారు. బస్సులో కాలు తొక్కినాయన "సారీ అండీ" అన్నాడు. తొక్కించుకున్నాయన "పర్లేదండీ" అని, కిటికీ వైపు తిరిగి వాడి వంశాన్నంతా తవ్వి పోశాడు. కండక్టరు టిక్కెట్టిచ్చి "ముసల్ది" అన్నాడు.

"ఓసీ అమ్మాయ్" అంది మైకక్క కూతురితో. "మర్యాదంటే తిట్టకపోవడమనుకున్నానే ఇన్నాళ్ళూ. మెల్లగా తిట్టడమా?"

కూతురు నంబర్లు లేని చోట నంబర్ల కోసం చూసింది.

ఆ సాయంత్రం మిషను సంగతి చెప్పకుండా ఇంటికెళ్ళి, వంట చేసి, మొగుడికి వడ్డించింది. ఎప్పటిలాగే, "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని కేకేసింది. దర్జీ కంచంలోంచి తలెత్తలేదు. "సరిపోయింది. ఉప్పుకే కూర సరిపోలేదు" అన్నాడు, తనలో తాను.

"ఏమన్నారూ?"

"బాగుందన్నా."

"కాదు. ఉప్పుకే కూర సరిపోలేదన్నారు!"

దర్జీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మైకక్క జుట్టు పక్కకు తీసి చెవి చూపించింది. ఆయన ఆ మిషనును, దొంగ పోలీసును చూసినట్టు చూశాడు.

"ఎన్నేళ్ళుగా ఇలా అంటున్నారు?"

"నువ్వు మిల్లులో చేరిన కొన్నేళ్ళకు ఒకటి అన్నా. నువ్వు 'అవునండీ' అన్నావు. ధైర్యం వచ్చింది."

ఆ పూట ఆ ఇంట్లో మొట్టమొదటి అసలైన పోట్లాట జరిగింది. ఇన్నాళ్ళ బాకీ కదా, మంచి జోరుగా సాగింది. దర్జీకి గొంతుందని వీధికి తెలిసింది. మధ్యలో ఎక్కడో, మిల్లు ఫోర్‌మన్ ప్యాంటు గురించి, పెద్దత్తగారి వడ్డాణం గురించి అప్పట్లో ఆయన తనలో తాను అనుకున్న మాటలు రెండు బయటకొచ్చాయి. మైకక్క తిడుతున్నదల్లా నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "ఇంకోటి చెప్పండి" అంది. ఆయన ఇంకోటి చెప్పాడు. ఇంత చమత్కారమున్న మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, ఒక్క ముక్కయినా వినకుండా అన్నాలు వడ్డించానే అని, నవ్వుతూ నవ్వుతూనే ఆవిడకు కళ్ళనీళ్ళొచ్చాయి. దర్జీ తన తుండుగుడ్డ అందించాడు.

ఆ తరవాత కూడా మైకక్క గొంతు పెద్దగా తగ్గలేదు. గొంతుకు మిషనుండదు కదా. కాని రోగాల పేర్లెత్తి పిలవడం మానేసింది. ఎవరొచ్చినా ముందే పక్కన కూర్చుని, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగేది. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు చెప్పుకునేవారు. దురద కుర్రాడు మంత్రిగారన్నాడు. మోకాళ్ళ మామ్మగారు సిగ్గుపడి, చాలాసేపు ఆలోచించి, "చిలకమ్మ అను" అంది. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఆవిడ మెట్లు కాస్త హుషారుగా ఎక్కేది. జనం ఆశకు అంతెక్కడుంటుంది? పోను పోను హాలంతా జమీందార్లతోనూ సేనాధిపతులతోనూ నిండిపోయింది.

ఒకరోజు ఎముకల డాక్టరు బల్బు వెలిగింది. "మహారాజుగారూ, పైకి దయచేయండి!" అని పిలిచింది మైకక్క. ముగ్గురు మహారాజులు లేచారు. ముగ్గురూ కుంటుతూనే బయల్దేరి, మెట్ల దగ్గర ఒకరికొకరు అడ్డం పడ్డారు. తోపులాట మొదలయ్యేట్టు ఉంది.

"ఏ రాజ్యం మహారాజు?" అంది మైకక్క చిక్కుబడిపోయి.

"మోకాలి రాజ్యం! ఎడమ మోకాలు!" అని అరిచాడు వాళ్ళలో ఒకాయన, హాలు దద్దరిల్లేలా.

ఆయనంతట ఆయనే చెప్పుకున్నాడు. మైకక్కను ఎవరూ ఏమీ అనలేకపోయారు.